పోగు తెగితే తప్పు, నోరు జారితే కళ!

సిరిసిల్ల సాంచె (మరమగ్గం) మీద ఒక్క పోగు తెగితే చాలు, ఆసామి మొహం మాడిపోతుంది. పారిస్‌లో లెక్క వేరు. పోగు తెగొద్దు గానీ నోరు ఎంత జారినా సర్దుకుంటారు. జాన్ గలియానో అనే మహా డిజైనర్ బార్‌లో కూర్చుని యూదులను తిట్టాడు, హిట్లరంటే ఇష్టమన్నాడు. 2011లో ఆయన్ను కొలువులో పెట్టుకున్న ఫ్యాషన్ సంస్థ డియోర్ సాగనంపింది. కోర్టు దోషేనంది. 6,000 యూరోల జరిమానా వేసి, కట్టే పని లేకుండా దాన్నీ పక్కన పెట్టింది. 2014లో మరో ఫ్యాషన్ సంస్థ మార్జియేలా వారు పిలిచి పీట వేశారు. మత్తులో అన్నాడట పాపం, పైగా కళాకారుడాయె!

అదే జగిత్యాలలోనో కోరుట్లలోనో ఓ టైలరు కల్లు తాగి ఎస్సీ సోదరుణ్ని కులం పేరెత్తి తిట్టాడనుకోండి. 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. 'వీడు జాకెట్టు బాగా కుడతాడు సార్, వదిలేయండి' అంటే ఎస్సై వింటాడా? (వినే ఎస్సైలూ లేకపోలేదనుకోండి, అది వేరే చురక.)

అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ సిరిసిల్లవాళ్లే. అంత నేర్పున్నా ఎవర్నీ తిట్టే లైసెన్సు వాళ్లడగలేదు. అడిగినా మనం ఇచ్చేవాళ్లం కాదు.