ఉగ్రస్తంభారోహణ పద్యము: టీకా తాత్పర్యము

అవతారిక: దిగువ అహోబిలం సత్రములో తెల్లవారకముందే నా దుప్పటి లాగుచు మిత్రుడు చెప్పిన ఆటవెలది.

ఎక్కుదాము కొండ, యింక గంటే దారి
నీళ్ళ సీస యొకటి నిండ చాలు
బూటు లేల మనకు, బుజ్జి కొండే కదా
కూటి వేళ కల్ల గూటిలోన

ప్రతిపదార్థం: ఎక్కుదాము = నీవు ఎక్కుము, నేను ముందు నడిచెదను; కొండ = నంద్యాల జిల్లా నల్లమలలో, నరసింహుడు వెలువడిన స్తంభమని చెప్పే బండ గల శిఖరము; ఇంక = బయలుదేరునప్పుడును, సగము దారిలోను, దిగునప్పుడును వాడదగిన అవ్యయము; గంటే = గంటలు (బహువచనార్థమున ఏకవచనము); నీళ్ళ సీస యొకటి = ఇద్దరికి కలిపి, నా సంచిలోనిది; నిండ చాలు = జ్వాలా నరసింహుని గుడి వరకు; బూటు లేల = వక్తకు లేవు గనుక; బుజ్జి కొండే కదా = కిందినుంచి చూచినప్పుడు; కూటి వేళ కల్ల = రాత్రి కూటి వేళకు; గూటిలోన = సత్రపు గదిలో. ‘ఉందుము’ అను క్రియ అధ్యాహార్యము. మాట తప్పినపుడు చిక్కకుండుటకై కవి క్రియను దాచినాడు.

తాత్పర్యం: నాకు తోడు కావలెను, లెమ్ము.

విశేషములు: 1. ఎగువ అహోబిలం దాటి, భవనాశిని ఏటి వెంట రాళ్ళు దాటుకొంటూ జ్వాల చేరేసరికి సీసా ఖాళీ. హిరణ్యకశిపుని చీల్చిన చేతులు స్వామి కడుగుకొన్నాడని చెప్పే రక్తకుండము అక్కడే. ‘స్వామి వాడిన నీళ్ళురా, మనకేమవుతుంది’ అని కవి అందులో సీసా ముంచినాడు.

2. నల్లమల రాయి చాలావరకు క్వార్ట్‌జైటు. పగిలినచోట అంచు కోసుకొనును. శిఖరము కిందనున్న ఎక్కుడులో మెట్లు లేవు, కదిలే రాళ్ళూ చెట్ల వేళ్ళూ కలవు. అచ్చటనే కవి హవాయి చెప్పు పట్టీ ఊడెను. మొలతాడు పిన్నీసు తీసి, పట్టీని చిల్లులో దూర్చి, అడుగున గుండీకి అడ్డముగా గుచ్చి, రెండుసార్లు నేలకు తన్ని చూచి, ‘ఇంక గంటే’ అన్నాడు.

3. ‘బుజ్జి కొండ’ స్వభావోక్తి అని కవి. అతిశయోక్తి అని నా మోకాళ్ళు. మోకాళ్ళదే సిద్ధాంతము.

4. పూర్వపక్షము: ఇది అబద్ధము గదా, కవి దోషి కాడా? సమాధానము: కాడు. లెక్క నిజముగా చెప్పియుండిన వ్యాఖ్యాత దుప్పటి వీడడు. నిట్టనిలువునా చీలిన బండనూ, దాని మీద నుంచి కనుచూపు మేర అడవినీ చూడడు. గడియారము పట్టుకొని కొండెక్కినవాడెవ్వడూ లేడు.

ఫలశ్రుతి: ఈ పద్యము విన్నవారు వేకువనే లేచి, మనిషికి రెండు సీసాల నీళ్ళు, గట్టి బూట్లు, చేతికర్ర, దారి తెలిసిన మనిషి సహితముగా బయలుదేరుదురు గాక. లెక్కలు మీరే వేసుకొనుడు. పద్యము చెప్పుటకు మాత్రము ఇటువంటి మిత్రునే వెంటబెట్టుకొని పొండు.