ఎనిమిది గంటల బయాలజీ

మన దగ్గర ఒకడు డాక్టరవుతాడా కాడా అన్నది పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలోనే తేలిపోతుంది. బైపీసీ అయితే నీట్, ఎంపీసీ అయితే ఈఏపీసెట్. టెక్కలి కాలేజీలో అప్లికేషన్ మీద నాన్న చూపించిన గడిలో టిక్కు పెడతాం, జన్మంతా ఆ గడిలోనే ఉంటాం. ఎంపీసీ కుర్రాడికి ఇరవయ్యో ఏట జ్ఞానోదయమై స్టెతస్కోపు మీద మనసు పడితే, "బయాలజీ ఏదీ?" అని తలుపేసేవారు. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్‌కి దయ కలిగి, ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినా నీట్‌కి కూర్చోవచ్చంది. 2025లో మన ఇంటర్ బోర్డు కూడా లెక్కలూ బయాలజీ కలిపి చదవనిస్తామంది. నాకిప్పుడు మనవడు పుట్టాక.

కాబట్టి అమెరికాలో కంప్యూటర్ సైన్సు చదివి, ఉద్యోగం కూడా చేస్తున్న మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో కనిపించి "బాబాయ్, నేను డాక్టర్ చదువుకి అప్లై చేస్తున్నా" అంటే, మూలపేటలో మా అరుగు మీద ఒక్కరూ నమ్మలేదు. పైగా ఎం.డి. కూడా కాదట, డి.ఓ. అట. ఆస్టియోపతీ.

"అదేటే?" అంది మా అప్ప.

పిల్ల చరిత్ర అందుకుంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు 1864లో మెదడు పొరల వాపుతో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అప్పటి మందుల మీద నమ్మకం పోయి, ఎముకలూ కండరాలూ చేత్తో సరిచేసే పద్ధతి పట్టుకున్నాడు. మెరుపులా ఎముకలు సర్దేవాణ్ణని చెప్పుకుంటూ ఊళ్లు తిరిగాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు.

"పుత్తూరు కట్టన్నమాట," అని తేల్చేసింది అప్ప.

"కాదత్తా! ఇప్పుడు ఎం.డి.లు చదివేదంతా చదువుతారు, దాని మీద చేతివైద్యం అదనంగా నేర్చుకుంటారు. యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాయొచ్చు, ఆపరేషన్లు చెయ్యొచ్చు. ట్రంప్‌కి వైట్‌హౌస్‌లో డాక్టరు డి.ఓ.యే, అంతకుముందు బైడెన్‌కీ డి.ఓ.యే."

"ఆల్లిద్దరూ పెద్దోల్లు. నడుం పట్టేస్తే కట్టే మంచిది."

అసలు చిక్కు అది కాదు. ఆస్టియోపతీ కాలేజీల్లో చాలావాటికి ఎనిమిది గంటల బయాలజీ కావాలి. "ఓస్, పొద్దున్న కూర్చుంటే రాత్రి భోజనాల వేళకి అయిపోతుంది కదమ్మా" అన్నాను. సెమిస్టరంతా వారానికో గంట క్లాసు వింటే అది ఒక గంట అట. అలాంటివి ఎనిమిది, అంటే ల్యాబ్‌తో సహా దాదాపు ఏడాది చదువు. అలాగే కెమిస్ట్రీకి ఎనిమిది, ఆర్గానిక్‌కి ఎనిమిది, ఫిజిక్స్‌కి ఎనిమిది. ఇంగ్లీషుకి ఆరు. అమెరికాలో పుట్టిన పిల్లకి ఇంగ్లీషు వచ్చని కూడా కాగితం చూపించాలా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి ఏపీ బయాలజీ పరీక్ష రాసి అయిదుకి అయిదు తెచ్చుకుంది. (అది మన రాష్ట్రం పరీక్షేనని అప్ప ఇప్పటికీ ఊరంతా చెబుతోంది.) ఆ మార్కుల్ని కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కొన్ని దాని మీద ఇంకో పెద్ద కోర్సు చేసి రమ్మంటాయి. కంప్యూటర్లో జన్యువుల లెక్కలు కట్టే బయోఇన్ఫర్మాటిక్స్ కూడా ఒకటి చదివింది. అది బయాలజీ కిందికొస్తుందా అని మూడు చోట్లకి ఫోన్ చేసిందట. ఒకాయన వస్తుందన్నాడు, ఒకావిడ రాదంది, మూడోచోట పాట వినిపించి కట్ చేశారు. ఈ విషయంలో మన ఆఫీసుల గురించి ఇన్నాళ్లూ అన్యాయంగా మాట్లాడామనిపించింది.

"పిల్లకి జీవశాస్త్రం నేదంటారేటి?" అని అప్పకి నిజంగానే కోపం వచ్చింది. ఆవిడ లెక్కలో ఈ తీరంలో ఆ శాస్త్రం రానివాళ్లు లేరు. ఇసకలో ఏ గుంట ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లదో, ఏది కుక్క తవ్విందో దూరం నుంచే చెబుతుంది. తేలినీలాపురం చింతచెట్ల మీద వాలే పక్షులన్నీ సైబీరియా నుంచే వచ్చాయని ఎవరైనా అంటే, వాటిలో గూడబాతులు మన దేశపువేనని వాదనకి దిగుతుంది.

ఇక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వైపు ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే జీడిపిక్కల బస్తా ధర అడిగినట్టే అడుగుతారు, "నీదెంతుందిరా?" అని. ఎనభై కిలోల బస్తాకి ఎంత పలికిందో, రక్తంలో ఎంత పలికిందో రెండూ నోటికొచ్చు. మా పక్కింటి ముసలాయన సంతకం చెయ్యలేడు గానీ, డయాలిసిస్ సూది గుచ్చే చోట రక్తనాళం జుమ్మంటోందా లేదా అని మోచేతి మీద వేలు పెట్టి చెబుతాడు. ఆయన రిపోర్టులన్నీ ఒక చీరల కొట్టు కవర్లో, వసారా మేకుకి వేలాడుతుంటాయి. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్ల పరిశోధనలకీ అంతుచిక్కలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి తెరిచారు. అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు మా పిల్ల ఆ చీరల కొట్టు కవరు తీసి మధ్యాహ్నమంతా కాగితాలు తిరగేసింది. డాక్టరు పిచ్చి అక్కడే అంటుకుందని నా అనుమానం. అప్లికేషన్‌లో మాత్రం దానికి గడి లేదు. ల్యాబ్ ఉందా, గ్రేడెంత, అంతే.

చివరికి ఆఫీసయ్యాక సాయంత్రాలు వెళ్లేలా ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ల్యాబ్‌లో పుట్టని పందిపిల్లని కోయిస్తున్నారట. కళ్లద్దాలూ, గ్లవ్సులూ వేసుకుని, ట్రేలో దాని కిడ్నీలు చూపిస్తూ ఫొటో పంపింది. చిక్కుడు గింజంత రెండు. అప్ప ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇవి బాగానే ఉన్నాయి" అంది.

మొన్న మళ్లీ ఫోన్. గంటలు పూర్తవుతున్నాయట. ఇప్పుడు సిఫార్సు ఉత్తరం కావాలి. చాలా ఆస్టియోపతీ కాలేజీలు అది డి.ఓ. డాక్టరే రాస్తే సంతోషిస్తాయట. తనకి తెలిసిన డి.ఓ. ఒక్కరూ లేరు. "అక్కడ మనకి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా బాబాయ్?" అని ఆశగా అడిగింది.

నేను నోరు విప్పేలోపు అప్ప ఫోన్ లాక్కుంది. "పక్కూల్లో కట్టు కట్టే తాత ఉన్నాడు కదే. మీ నాన్న చెట్టు మీంచి పడితే చెయ్యి అతికించింది ఆయనే. మంచోడు, అడిగితే కాదనడు. రాయడం రాదు గానీ... ఏలిముద్రయితే ఒప్పుకుంటారేమో కనుక్కో."