నీళ్ళ లెక్క

టివొలీ దగ్గరపడుతుండగా బస్సులోకి గంధకం వాసన కొట్టింది. దారి పక్క గంధకపు నీటి ఊటలున్నాయట. ఆ సంగతి గైడమ్మాయి చెప్పేలోపే మావాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం అయిపోయింది. అందరం పింఛనుదార్లమే. వెనక సీట్లో వంటమాస్టారు, అతని కాళ్ళ దగ్గర పులిహోర డబ్బాలు. పూటపూటా మన భోజనమే పెడతామన్న హామీ చూసే మేమంతా యూరప్ యాత్రకి డబ్బు కట్టాం. మైకెలాంజెలో సంగతి ఆ తర్వాతే.

రోముకి ముప్పై కిలోమీటర్ల దూరంలో, టివొలీ కొండవాలున ఉంది ఫౌంటెన్ల తోటకి పేరుపడ్డ విల్లా డెస్టె. గైడమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే తెలుగు చెయ్యడం నేను నెత్తినేసుకున్నాను. ఎవరూ అడగలేదనుకోండి. కానీ నేను నీళ్ళవాణ్ణి. సర్వీసంతా ఇరిగేషన్‌లోనే గడిచింది. ఫౌంటెన్ కనిపిస్తే అందరూ ఫోటో తీస్తారు, నేను నీళ్ళు ఎంత ఎత్తునుంచి దిగుతున్నాయో అంచనా కడతాను.

"ఇక్కడ ఒక్క మోటారు లేదండీ," అన్నాను. "అనియెనె అని నది. ఊరి కిందుగా సొరంగం తవ్వి నీళ్ళు తెచ్చారు. పల్లానికి పారడం నీటి స్వభావం, అంతే! ఆ పల్లాన్ని లెక్క కట్టినవాడి బుర్రకి దణ్ణం పెట్టాలి."

వందధారల బాట పొడుగునా నడిచాం. పేరుకి వంద గానీ, మూడు వరసల్లో దాదాపు మూడొందల ధారలు. నాచు పట్టిన రాతి ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు, వాటి మీద ఈ విల్లా కట్టించిన ఎస్టె వంశం గద్దలు, పడవలు, లిల్లీపూలు. నాలుగున్నర శతాబ్దాలుగా పారుతున్నాయి. మా కాలవల్లో నాలుగేళ్ళకే లైనింగు లేచిపోయేది. ఆ మాట మాత్రం నేను అనువాదంలో కలపలేదు.

ఇదంతా కట్టించినవాడు కార్డినల్ ఇప్పోలిటో డెస్టె. 1550లో టివొలీకి గవర్నరుగా వచ్చాడు. పోపు కావాలని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, కాలేక, ఆ కసంతా తోట మీద తీర్చుకున్నాడు. పాత మఠాన్ని భవనం చేశాడు. దగ్గర్లోనే శిథిలమై ఉన్న హేడ్రియన్ చక్రవర్తి విల్లా నుంచి బొమ్మలూ పాలరాళ్ళూ తవ్వి తెప్పించాడు.

"ఈయన తాతగారు కూడా పోపేనట, ఆరో అలెగ్జాండర్," అన్నాను.

"పోపుగారికి మనవలేమిటండీ!" అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వంటమాస్టారు మాత్రం నవ్వాడు. అతనికి తెలిసిన పోపు వేరు.

గైడమ్మాయి అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. ఈ వాలంతా ఒకప్పుడు జనం ఉన్న చోటేనట. తోట కోసం వాళ్ళని లేపేస్తే 1568, 69 సంవత్సరాల్లో కార్డినల్ మీద పన్నెండు దావాలు వేశారట. ఒక్కటీ ఆయన్ని ఆపలేకపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మండింది. "చూశారా! ఒక్కడి ముచ్చట కోసం అంతమంది గూళ్ళు పీకడమా?" అని రాతిగట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను. "మేమూ ఊళ్ళు ఖాళీ చేయించాం. కానీ పద్ధతి ప్రకారం. 1980లో, ఉద్యోగంలో కొత్త, ఒక రిజర్వాయరు కింద పదకొండు ముంపు గ్రామాలు నాకప్పగించారు. ప్రతి గోడా, ప్రతి గుమ్మం, ప్రతి చెట్టూ టేపు పెట్టి కొలిచి కొలతల పుస్తకంలో ఎక్కించాను. పరిహారం అంచనా దాటకుండా పని ముగించానని పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. ఆ జనం ఎంత మంచివాళ్ళనీ! ఇల్లు పోతోందని తెలిసీ, ఎండనపడి వచ్చాడని పిలిచి మజ్జిగిచ్చేవాళ్ళు. రెండు చెంబులు తాగితేగానీ వదిలేవాళ్ళు కాదు. ఆ చల్లదనం ఇప్పటికీ గొంతులో ఉంది."

ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. నాకూ కొంచెం చెమర్చాయి.

గుడ్లగూబ ఫౌంటెన్‌కి వేళయింది, రమ్మన్నారు. ఆ ఆట వేళప్రకారమే ఆడుతుంది. లోపల నీటి ఒత్తిడికి గాలి గొట్టాల్లో దూరి, కంచు పిట్టలు కూస్తాయి. కాసేపటికి గుడ్లగూబ బయటికొస్తుంది. పిట్టలన్నీ గప్‌చుప్. అది పక్కకి తిరిగితే మళ్ళీ కూతలు. పదహారో శతాబ్దపు బుర్ర! ఆ యంత్రం కిటుకు చెప్పబోతుంటే పక్కన వంటమాస్టారు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, ఆ పదకొండు ఊళ్ళలో మాదీ ఒకటి."

ఊరి పేరు చెప్పాడు. గుర్తొచ్చిందో లేదో చూసుకోకుండానే తల ఊపాను.

"మా ఇల్లు కొలిచిన రోజు టేపు అవతలి కొస పట్టుకుంది నేనే. పదేళ్ళుంటాయి నాకు. మీరు పావలా ఇచ్చారు."

"ఓరి! విన్నారా అండీ?" అని అందర్నీ కేకేశాను. "నా టేపు పట్టుకున్న కుర్రాడట! ఇవాళ ఇటలీలో నాకు పులిహోర పెడుతున్నాడు!"

అందరూ మూగారు. ఎవరో సెల్ఫీ అన్నారు. పిట్టలు గోలగా కూస్తున్నాయి.

"పెరట్లో బావి ఉండేది సారూ మాకు," అన్నాడతను. "దానికి పైసా రాలేదు. మా నాయన ఏడేళ్ళు తిరిగాడు ఆఫీసు చుట్టూ. ఆఖరికి ఎవరో పుస్తకం తీసి చూపించారంట, 'నీళ్ళు లేని పాడుబావి' అని రాసుందని."

"ఎండాకాలం కదయ్యా," అన్నాను. "అడుగంటి ఉంటుంది. చూసిందే రాస్తాం మేము."

గుడ్లగూబ బయటికొచ్చింది. పిట్టలు ఆగిపోయాయి.

అతను గొంతు పెంచలేదు. పెంచనక్కర్లేకపోయింది, అందరికీ వినిపించింది.

"మజ్జిగలోకి మా అమ్మ ఆ బావిలోంచే తోడింది సారూ. రెండో చెంబు కింద పెట్టాకే మీరు పుస్తకం తెరిచారు."