నిర్మల్‌ల కూసొని బాకూ ఆట ఆడేదెట్ల?

ముందుగాల ఫోన్‌కు నిండా చార్జింగ్ పెట్టుకోండ్రి. బోర్డు అక్కర్లేదు. చదరంగం వచ్చి ఉండాల్సిన పనైతే అసలే లేదు. వస్తే అనుమానాలొస్తయి, అనుమానమొస్తే గొంతు తగ్గుతది.

అభ్యాసానికి 2023 ఆగస్టులో బాకూల జరిగిన ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ మంచిది. ఒక దిక్కు మన వరంగల్ ఇరిగేశి అర్జున్, ఇంకో దిక్కు చెన్నై ప్రజ్ఞానంద. మొదటి ఆట అర్జున్ గెలిచిండు. "సెమీస్ ఖాయం" అని బస్టాండ్ కాడ అందరికీ చాయ్ చెప్పుండ్రి. తెల్లారి ప్రజ్ఞానంద లెక్క సమం చేసిండు. ఎవరి చాయ్ పైసలు వాళ్లే ఇచ్చుకోవాలని అప్పుడు యాది చెయ్యుండ్రి.

తెర పక్కన తెలుపు, నలుపు పట్టీ ఒకటి ఊగుతుంటది. అది కంప్యూటర్ లెక్క. దాన్ని చూసిన ముచ్చట ఎవరికీ చెప్పొద్దు. పట్టీ జారంగనే నాలుక చప్పరించి "గుర్రం తియ్యాల్సుండె" అనుండ్రి. ఏ గుర్రమని అడిగేటోడు ఉంటే చాయ్ బండి మార్చుండ్రి.

లెక్క సమమైంది గద, ఇగ టైబ్రేక్‌ల 25 నిమిషాల ఆటలు రెండు, 10 నిమిషాలవి రెండు, 5 నిమిషాలవి రెండు. ప్రతి జోడీ సమానమే. ఆఖరికి మూడు నిమిషాల గడియారంతో ఒక్కటే ఆట. అండ్ల ఎవరు తప్పుచేసినా "గింత సోయి లేదా" అనాలె. చాయ్‌ల చక్కెర ఎంతనో చెప్పెతందుకే మీకు ఐదు నిమిషాలు పడుతది గని, అది వేరే సంగతి.

ఒక జాగ్రత్త. ఈ విద్యను మన నిర్మల్ కొయ్యబొమ్మలు చేసేటోళ్ల ముందట చూపియ్యకుండ్రి. ముట్టిన పావును కదపాల్సిందే అన్న నియమం వాళ్లకు కొత్తది గాదు. చెక్క మీద ఉలి పడ్డదంటే పడ్డట్టే. "పొనికి చెక్కతోని చదరంగం పావులు చెయ్యరాదే" అని ఒకాయనకు నేను సలహా ఇచ్చిన. ఆయన ఏం మాట్లాడలే. బంటంత చెక్కముక్కను బల్ల మీద నిలబెట్టి ఫ్యాన్ వేసిండు. టోర్నమెంట్ పావుల అడుగున బరువు ఎందుకు పెడతరో అప్పుడు సమజైంది.

తొమ్మిది ఆటలైనంక 5–4తో ప్రజ్ఞానంద గెలిచిండు. మీరేం ఓడలే, దిగులు వద్దు. 2024 డిసెంబర్ జాబితాల అర్జున్ రేటింగ్ 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. "ఆనాడు గుర్రం సంగతి చెప్పింది ఎవరు?" అని అడగాల్సింది గప్పుడే. చాయ్ మాత్రం ఈసారి కూడా ఎవరిది వాళ్లదే.