బోడిగుండుకూ మోకాలికీ

మా బామ్మర్ది మోకాలు పదకొండు రోజులుగా నా బుర్ర తింటోంది. మోకాలు వాడిది. నొప్పీ వాడిదే అంటున్నాడు. నిద్ర పట్టనిది మాత్రం నాకు.

సంక్రాంతి కబడ్డీ పోటీల సంగతి మీకు చెప్పేదేముంది? బడి మైదానం, సున్నం గీతలు, గొంతు బొంగురుపోయిన మైకు, మొదటి బహుమతిగా వేపచెట్టుకు కట్టేసిన పొట్టేలు. మా న్యాల్‌కల్ జట్టులో కూతకు పోతే ఉత్త చేతుల్తో తిరిగిరాని మొనగాడు ఒక్కడే, వాడే మా బామ్మర్ది. సెమీఫైనల్ రోజు పొద్దున్నే ఫోన్ చేసి "బావా, మోకాలు గుంజుతుంది, నేను ఆడ" అన్నాడు. ఎదుటి జట్టు బీదర్ వైపు ఊరిది. రెండు పాయింట్ల తేడాతో ఓడాం. ఫైనల్ కూడా వాళ్లే గెలిచారు. పొట్టేలు మా కళ్లముందే బొలెరో ఎక్కి కర్ణాటక పోయింది. పోతూ పోతూ అది మా వంక ఒక చూపు చూసింది. దానికి మా మీద జాలి కలిగినట్టే ఉంది.

అంతవరకూ సర్దుకోవచ్చు. మోకాలన్నాక నొస్తుంది. నా కడుపుమంట అది కాదు. మేం అక్కడ మట్టి కరుస్తుంటే, దొరవారు స్కోరు రాసేవాడి పక్కన ఒక కుర్చీలో తాను కూర్చుని, ఇంకో కుర్చీలో కాలు పెట్టి, చెరకు నములుతున్నాడు. ఆఖరి కూతలో మా కుర్రాడు పట్టుబడ్డప్పుడు పిప్పి ఊసి "అరెరె" అన్నాడు. ఊసింది ముందు, అరెరె తర్వాత.

ఆ రాత్రే జహీరాబాద్‌లో దోస్తు షాదీ. బరాత్‌లో మర్ఫా దరువుకు గంటన్నర ఎగిరాడు. ఇది నేను కూపీ లాగి కనిపెట్టిందేమీ కాదు, వాడే స్టేటస్‌లో పెట్టుకున్నాడు. నిలదీస్తే వైద్యశాస్త్రం చెప్పాడు: "మర్ఫాకు కాలు ముందుకే పోతది బావా. కూతకు పోతే ఎనుకకు మర్లాలె. నొప్పి మర్లేటప్పుడే."

జట్టుకు బనీన్లు కొనిచ్చింది నేను. వెనక అంకెలు వేయించింది నేను. మూడు రోజులు గుడ్లు, అరటిపళ్లు నా ఖాతాలోనే. ఇంట్లో ఈ మాట ఎత్తితే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "మా తమ్ముని కాలు పోతే మీ పొట్టేలు వచ్చి సాకుతదా?"

ఇంట్లో న్యాయం దొరక్క బస్టాండు దగ్గరి హోటల్లో కేసు పెట్టాను. అక్కడ చాయ్ తాగేవాళ్లంతా జడ్జిలే. కానీ అక్కడ ఏ కేసు పెట్టినా చివరికి బుమ్రా దగ్గరికే పోతుంది. 2025లో ఇంగ్లండ్‌తో 5 టెస్టులు, వర్క్‌లోడ్ పేరు చెప్పి బుమ్రా 3 మాత్రమే ఆడతాడని ముందే చెప్పేశారు. ఆడాడు, రెండుసార్లు ఐదేసి వికెట్లూ తీశాడు. అయితే మనం గెలిచిన రెండు టెస్టులూ ఆయన కూర్చున్నవే! అదే సిరీస్‌లో మన హైదరాబాదీ సిరాజ్ అయిదుకు అయిదూ ఆడాడు. 1,113 బంతులు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆఖరి వికెట్ యార్కర్‌తో లేపి 6 పరుగులతో గెలిపించాడు. "మనోడు ఆటో నడిపినోని కొడుకు. ఆటోకు వర్క్‌లోడ్ ఉంటదా? గిరాకీ ఉంటే పోవుడే!" అని ఒకాయన బల్ల గుద్దాడు. ఆ మాటను డిక్షనరీలోంచే తీసేయాలని గవాస్కర్ కూడా అన్నాడు కదా అని ఇంకొకాయన సాక్ష్యం చెప్పాడు.

మూలన పేపరు చదివే పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: "బుమ్రా నడుముకు ఆపరేషన్ అయినోడు. అంతకుముందు ఆస్ట్రేలియాల ఒక్కడే 32 వికెట్లు తీసిండు. సిడ్నీల నడుము పట్టేసి బయటికి వచ్చేదాంక వేసిండు. అప్పుడు మనం చాయ్ తాగుకుంట ఏమన్నం? ఇంకో ఓవర్ ఇయ్యమన్నం."

ఎవరూ బదులు చెప్పలేదు. చాయ్ చల్లారిందని లేచి వచ్చేశాను.

నొప్పి నిజమైతే మందు ఇప్పించాలి, అబద్ధమైతే బయటపెట్టాలి. రెండిటికీ ఒక్కటే ఉపాయం తట్టింది: మోకాలికి తొడిగే పట్టీ. సాగే గుడ్డతో కుట్టిన గొట్టం. తొడుక్కుంటే "ఇక ఆడు" అనొచ్చు, వద్దంటే దొంగ అనొచ్చు. దాన్ని నీ క్యాప్ అంటారు. ఆ పేరు పెట్టినవాడికి తెలుగు రాదు. 'నీ' అంటే మోకాలని లోకమంతా ఒప్పుకోనీ, జహీరాబాద్‌లో ఒప్పుకోరు.

మందుల దుకాణంలో టోపీ పెట్టుకున్న పిల్లవాడు ఉన్నాడు.

"బాబూ, నీ క్యాప్ ఇయ్యి."

వాడు తల తడుముకున్నాడు. "నా క్యాపా? ఎందుకు అంకుల్?"

"నీ క్యాప్ కాదు నాయనా. నీ క్యాప్."

"నేను కూడ అదే అంటున్న."

"తలకు పెట్టుకునేది కాదు, కాలికి."

"కాలికి క్యాప్ ఎట్ల పెడ్తరు అంకుల్?" అని వాడు నా మొహంలోకి, నేను ఏ మందు కోసం వచ్చిన మనిషినో పోల్చుకుంటున్నట్టు చూశాడు.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొద్దని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇంగ్లీషువాళ్లు నిజంగానే ముడిపెట్టి, డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు.

అంతలో లోపల్నుంచి షావుకారు వచ్చి "ఘుట్నే కా పట్టా? కౌన్‌సా సైజ్ హోనా?" అన్నాడు. సైజు అనే మాట నా ఆలోచనలో లేదు. డబ్బా మీద మోకాలి చుట్టుకొలతల పట్టిక ఉంది, సెంటీమీటర్లలో. ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ మోకాలు చుట్టు ఎంతుంటది?"

"ఇది ఎవరన్న అడిగే ముచ్చటేనా బావా?"

ఇంట్లో టేపు లేదు. ఛార్జర్ వైరుతో కొలిచి "సగం కన్న జర తక్కువొచ్చింది" అన్నాడు. ఏ ఛార్జరని షావుకారు అడిగాడు. ఈలోగా నా వెనక నలుగురు పోగయ్యారు. ఒకాయన ఎల్ తీసుకోమన్నాడు. చంకలో పిల్లను ఎత్తుకున్న ఆమె, ఎక్సెల్ తీసుకుంటే వదులైనా పడి ఉంటుందంది. చేతికర్ర తాత ఎవరి కోసమని అడిగాడు. ఆటగాడి కోసమన్నాను. ఏ ఆట? కబడ్డీ. గెలిచిండా? ఆడనే లేదు. ఎందుకు ఆడలే? ఇక అక్కడ మొదలుపెట్టి చెరకు, పిప్పి, మర్ఫా, పొట్టేలు చూపు, అన్నీ పూసగుచ్చాను. వరస రెండు వర్గాలైంది. తాత "లేపి నిలబెట్టి ఆడియ్యాలె" అన్నాడు. పిల్లతల్లి "కాలు పోయినంక పోరనికి పిల్లనెవరిస్తరు, నువ్విస్తవా?" అని ఆయన మీదికి లేచింది. జ్వరం మాత్ర కోసం వచ్చిన మనిషి జ్వరం మరిచిపోయి తాత వైపు చేరాడు. టోపీ పిల్లవాడు పిల్లతల్లి వైపు. ఇరవై నిమిషాల తర్వాత, 350 రూపాయలకు, ఎల్ సైజు ఒకటి నా చేతికొచ్చింది.

ఇంటికి తెస్తే మా ఆవిడ, "ఇది కుడికాలిదా, ఎడమకాలిదా?" అంది. మళ్లీ దుకాణానికి ఫోన్. రెండిటికీ ఒకటేనట. మా బామ్మర్ది మంచం మీద కూర్చుని, పెళ్లికొడుకు మెట్టెల కోసం కాలు చాపినట్టు చాపాడు. గొట్టం పాదం దాటింది, మడమ దాటింది, పిక్క దగ్గర ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి మర్లదు. ఎలుకను మింగిన పాములా తయారైంది కాలు. "బావా, గిప్పుడు నిజంగనే నొస్తుంది" అన్నాడు. ఆముదం రాసి లాగాం.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, ఎందుకూ లేదు. 350 రూపాయలు పోయాక కథయినా దక్కాలి కదా.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్లో గోడు వెళ్లబోసుకున్నాను. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి. "ఇక్కడా ఇంతే మామా, లోడ్ మేనేజ్‌మెంట్ అంటరు" అన్నాడు. కవాయ్ లెనార్డ్ అనే మొనగాడు 2017-18లో తొడ కండరం బాగాలేదని శాన్ ఆంటోనియో జట్టుకు 82లో 9 ఆటలే ఆడాడట. ఊరు ఊరంతా తిట్టిపోసింది. మరుసటి ఏడు టొరంటోకు పోయి, ఆపి ఆపి 60 ఆడి, ఏకంగా కప్పే కొట్టాడు. టికెట్లు కొన్నవాళ్ల గోల భరించలేక, పెద్ద అవార్డులు కావాలంటే కనీసం 65 ఆటలు ఆడాలని 2023-24 నుంచి నిబంధనే పెట్టారు. నేను కూడా మా జట్టులో ఒక నిబంధన పెడదామనుకున్నాను: కూతకు పోనివాడికి అరటిపండు లేదు. కానీ మా దగ్గర అరటిపళ్లు అప్పటికే అయిపోయాయి. ఎవరు తిన్నారో చెప్పక్కర్లేదు.

మా బామ్మర్ది మాత్రం తన పక్షాన కబడ్డీ ఆటగాడు పవన్ సెహ్రావత్‌ను పిలిచాడు. 2022లో తమిళ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి ఆ సీజన్ అంతా కూర్చున్నాడు. మరుసటి ఏడు అదే మోకాలిని మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. "చూసినవా బావా, ఇరిగినంక రేటు పెరిగింది!" ఆ ఏడు ఆయన బ్రహ్మాండంగా ఆడినా జట్టు అట్టడుగున నిలిచిందని నేను గుర్తుచేశాను. "మరి ఒక్కని మోకాలు మీద జట్టంత నిలవడ్తదా?" అన్నాడు వాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాను గానీ, మద్దెల చేత వాదన చెప్పించేవాణ్ణి ఇప్పుడే చూడటం.

అందరికన్నా తెలివిగా ఓడించాలని, హనుమ విహారిని తెచ్చాను. 2021 జనవరి, సిడ్నీ. తొడ కండరం చీలి పరుగు తీయలేని స్థితిలో మన కాకినాడ కుర్రాడు అశ్విన్‌తో కలిసి ఆఖరిదాకా నిలబడ్డాడు. 161 బంతులు, 23 పరుగులు. మ్యాచ్ కాపాడాడు. 2023లో రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే, కుడిచేతివాటం మనిషి ఎడమవైపు తిరిగి నిలబడి ఆడాడు. "అదిరా ఆటంటే!" అన్నాను.

వాడు ఫోన్లో ఏదో వెతికి, మెల్లగా అడిగాడు. "సిడ్నీ అయినంక గబ్బాల గెలిచినం గద బావా, అండ్ల విహారి ఉన్నడా?"

లేడు. ఆ తొడతోనే ఆ చారిత్రక మ్యాచ్‌కు దూరమయ్యాడు. తర్వాత ఆడిన టెస్టులు నాలుగు. అదే టూర్‌లో సిరాజ్‌కు తండ్రి పోయిన కబురు ఆస్ట్రేలియాలో ఉండగా అందింది. తిరిగి రాలేదు, అక్కడే ఉండి ఆడాడు. మనం దానికి నిబద్ధత అని పేరు పెట్టి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సోఫాలో కూర్చుని.

వాడు వెళ్లిపోయాక కిటికీలో పడి ఉన్న గొట్టం కనిపించింది. ఊరికే తొడిగి చూశాను. ఎక్కడా ఆగకుండా వచ్చి మోకాలి మీద కూర్చుంది. నా కొలతే.

1997 సంక్రాంతి ఫైనల్. గీత దగ్గర మర్లేటప్పుడు మోకాల్లో టప్పుమంది, ఎండు కందికట్టె విరిగినట్టు. పక్కకు కుంటుతుంటే ఊరి పెద్దమనిషి ఒకాయన భుజం మీద చెయ్యేసి, "ఒక్క కూత బిడ్డా, ఒక్కటే" అన్నాడు. చుట్టూ ఊరంతా నా కాలి వంక కాదు, మొహం వంక చూస్తోంది. వద్దు అనొచ్చని నాకెవరూ చెప్పలేదు. పోయాను. ఒకణ్ణి ముట్టి వచ్చాను. గెలిచాం. భుజాల మీద ఎత్తుకుని బస్టాండు దాకా తిప్పారు. మర్నాడు ఆ భుజాలన్నీ శనగచేలకు పోయాయి. నేను మూడు నెలలు మంచంలో ఉన్నాను. పొట్టేలు కూరలో నా వాటా గిన్నెలో పెట్టి పంపారు. అందులో బొక్కలే ఎక్కువ. విరిగినవాడికి మంచిదని కాబోలు.

ఇప్పుడు ఆ ఫైనల్ ఏ ఏడు జరిగిందని అడిగితే హోటల్లో నలుగురు నాలుగు ఏళ్లు చెబుతారు. నాకు మాత్రం పొద్దున్నే బాత్రూంలో నల్లా పట్టుకుని లేచే ప్రతిసారీ గుర్తొస్తుంది. మా బామ్మర్ది మీద నాకున్న కోపంలో పొట్టేలు వాటా సగమే అనుకుంటా. మిగిలిన సగం, నాకు ఇరవయ్యేళ్లప్పుడు తట్టని మాట వాడికి అంత సులువుగా ఎలా తట్టిందా అని.

సాయంత్రం వాడు మళ్లీ వచ్చాడు. లుంగీ కింద ఉబ్బెత్తుగా ఉన్నది చూసి, "బావా, అది నా కోసం తెచ్చిన నీ క్యాప్ గద?" అన్నాడు.

"నీ క్యాప్ కాదురా, నా క్యాప్" అన్నాను.