గదులు లారీ ఎక్కవు

"టూ బీహెచ్‌కేనా, త్రీ బీహెచ్‌కేనా సార్?" ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లకు ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఇదే. రెండోది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అని. మూడో ప్రశ్న ఉండదు, నేరుగా రేటే. చాలా రోజులుగా నా చెవిలో జోరీగైపోయింది ఆ మొదటి ప్రశ్న. గదులు లారీ ఎక్కవు కదండీ! ఎక్కేది గదుల్లో ఉన్న సామాను. బరంపురంలో ఒక టూ బీహెచ్‌కేలో రెండు చాపలు, నాలుగు గిన్నెలు, ఒక టీవీ ఉండొచ్చు. పక్క వాటాలో అదే టూ బీహెచ్‌కేలో ముత్తాత పడక్కుర్చీ మొదలుకొని మునిమనవడి ఉయ్యాల దాకా ఉండొచ్చు. ఇద్దరికీ ఒకటే రేటు చెప్పే పెద్దమనిషిని ఏమనాలి? అంతకన్నా విచిత్రం, ఆ రేటు విని మనం బేరమాడే పద్ధతి. "హైదరాబాదు ఎంత దూరమండీ, తొమ్మిది వందల కిలోమీటర్లు, దానికింతా?" అంటాం. మనం బేరమాడినందుకు హైదరాబాదు ఇటువైపు ఒక్క మైలు కూడా జరగదు. జరగగలిగేది మన అటక మీద సామాను. దాని జోలికి మాత్రం వెళ్లం. ఊరు మారే బడ్జెట్‌ను దూరం మీద కాదు, వస్తువు మీద వేసుకోవాలన్నదే నా వాదన.

లారీని అడుగుల్లో కొలుస్తారు. పద్నాలుగడుగుల బండి, పదిహేడడుగుల బండి, పంతొమ్మిదడుగుల బండి. ఇల్లంతా సర్దాక పద్నాలుగడుగుల్లో అన్నీ పట్టి, ఒక్క దివాన్ కాట్ మాత్రం బయట నిలబడిందనుకోండి. దానికోసం పదిహేడడుగుల బండి పిలుస్తారు. రెండు బళ్ల కిరాయికి ఎనిమిది వేలు తేడా ఉందనుకుంటే, ఆ ఎనిమిది వేలూ ఆ దివాన్ కాట్ ఖాతాలో పడాలి. మనమేమో మొత్తం కిరాయిని అన్ని వస్తువులకూ సమానంగా పంచి, "ఎలాగూ లారీ వెళ్తోందిగా, ఇదీ పడేద్దాం" అంటాం. ఎలాగూ వెళ్తున్న లారీ అనే మాట ఎన్ని కాపురాలకు ఎసరు పెట్టిందో లెక్క తీసినవారు లేరు. దూరానికి ఖర్చు లేదా అని మీరడగొచ్చు. ఉంది. డీజిలుంది, టోలుగేట్లున్నాయి, గిరిసోల దాటి ఇచ్ఛాపురం నుంచి విశాఖ, విజయవాడ మీదుగా హైవే పొడుగునా డ్రైవర్ భోజనాలున్నాయి. కానీ అవన్నీ మన చేతిలో లేనివి. చేతిలో లేనిదాని గురించి గొంతు చించుకుని, చేతిలో ఉన్నదాన్ని అట్టపెట్టెలో పెట్టి టేపు వేయడం ఏం గృహ నిర్వహణ?

వస్తువును బట్టి ఏరుకోవడం మనుషులకు సాధ్యం కాదనేవారు ఒకసారి ఆర్యపల్లి వైపు రండి. ఛత్రపురం దగ్గర, గంజాం సముద్రతీరంలో ఉన్న ఊరు. ఆ పక్కనే ఐఆర్‌ఈఎల్ వారి ఇసుక ఖనిజాల కర్మాగారం ఆస్కామ్ ఉంది. వాళ్లు ఇసుకను తవ్వి, నీళ్లతో కలిపి మెలికల తొట్లలో జారుస్తారు. బరువైన ఖనిజాలు ఒక పక్కకు, తేలికైన మామూలు ఇసుక ఇంకో పక్కకు పోతాయి. ఆ మామూలు ఇసుకను తవ్విన గోతిలోకే తిరిగి పోసేస్తారు. మిగిలినదాన్ని మళ్లీ వడపోస్తారు. ఇల్మనైట్‌ను అయస్కాంతం లాగుతుంది, రూటైల్‌కు కరెంటు ప్రవహించే గుణముంది, జిర్కాన్‌కు లేదు, ఆ తేడాతోనే దేనికది విడిపోతుంది. పనికొచ్చేదే లారీ ఎక్కుతుంది, పనికిరానిది ఎక్కడిదక్కడే ఉంటుంది. అలాంటి సంస్థ కూడా పాపం తన ఉద్యోగుల ఇళ్లలోకి ఈ విద్యను ఎక్కించలేదు. దానికి కేరళలో చవర, అలువా, తమిళనాడులో మనవాలకురిచ్చి వంటి చోట్ల యూనిట్లున్నాయి. ఇలాంటి సంస్థల్లో బదిలీ వస్తే పగలంతా ఇసుక రేణువుకు రేణువుకు తేడా చూసిన ఇంజనీరు కూడా సాయంత్రం ఇంటికెళ్లి, చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీని పాత దుప్పటిలో చుట్టి లారీ ఎక్కించగలడు. అయస్కాంతం పెట్టి చూసినా, కరెంటు పెట్టి చూసినా ఆ కుర్చీలో ఏ గుణమూ తేలదు. అయినా వెళ్తుంది.

ఇక్కడ టీవీ అట్టపెట్టె గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. టీవీ కొన్న రోజు దాని అట్టపెట్టెను పారేయకూడదన్నది ఇళ్లలో శాసనం. "రేపు ఇల్లు మారితే?" అన్నది హేతువు. సరే, పెట్టె మంచం కిందకు వెళ్తుంది. మంచం కింద అప్పటికే మిక్సీ పెట్టె, ఇస్త్రీపెట్టె పెట్టె, ఎప్పుడో పోయిన ఫోన్ పెట్టె ఉంటాయి కాబట్టి చోటు చాలక ఈ పెద్దది అటకెక్కుతుంది. అందులో థర్మాకోల్ ముక్కలు నాలుగు, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అంత చోటు ఖాళీగా ఎందుకని ముందు పాత కర్టెన్లు పెడతారు. తర్వాత బొమ్మల కొలువు బొమ్మలు, ఆ తర్వాత చలికాలానికి తప్ప అక్కర్లేని రగ్గు. ఈలోగా టీవీ పాతబడి, పండగ ఆఫర్లో ఇంకా పెద్దది వస్తుంది, దాని పెట్టె ఇంకా పెద్దది. పాత టీవీ మారుబేరంలో పోతుంది కానీ దాని పెట్టె పోదు, కర్టెన్లున్నాయి కదా! చివరికి బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు కొత్త టీవీ పెట్టె దింపి చూస్తే, వర్షాకాలం అటక చెమ్మకు అడుగు మెత్తబడి చేతిలో ఊడొస్తుంది. ప్యాకర్ల కుర్రాడు "వదిలేయండి సార్, మేం బబుల్ రాప్ వేస్తాం" అని దానికి వేరే చార్జీ రాస్తాడు. చెక్కుచెదరకుండా ఉన్నది మాత్రం పాత టీవీ పెట్టె, కర్టెన్లతో సహా. అది లారీ ఎక్కుతుంది. కొత్త ఊళ్లో ఆ కర్టెన్లు ఏ కిటికీకీ సరిపోవు. దాంతో అవి అదే పెట్టెలో, కొత్త అటక మీదికి. టీవీ కోసం దాచిన పెట్టె టీవీకి తప్ప సమస్తానికీ పనికొచ్చింది! ఆ పెట్టెకు ఘనపుటడుగుల లెక్కన కిరాయి కట్టి చూస్తే అందులోని కర్టెన్లను బరంపురం పట్టుతో కొత్తగా కుట్టించుకోవచ్చేమో. ఈ మాట ఇంట్లో అనే ధైర్యం నాకే లేదు, మిమ్మల్ని అనమని ఎలా చెప్పను?

"కంపెనీ భరిస్తుంది కదా, మనకెందుకు బాధ?" అన్నది ఇంకో అభ్యంతరం. భరిస్తే మంచిదే. కానీ భరించే సర్కారు ఏం కొలుస్తుందో చూడండి. ఏడో వేతన సంఘం తర్వాతి లెక్కల్లో కేంద్ర ఉద్యోగి బదిలీ అయితే లెవెల్ 6, ఆపైవారికి 6,000 కిలోలు, లెవెల్ 5 వారికి 3,000, లెవెల్ 4, ఆ దిగువవారికి 1,500 కిలోల సామాను దాకా లెక్కలోకి వస్తుంది. అదిగాక మూల వేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యమేముంది? సర్కారు కిలోలు చూస్తోంది, గదులు చూడట్లేదు. రైల్వే కూడా అంతే, స్లీపర్‌లో తలకు 40 కిలోలు ఉచితం అంటుందే తప్ప మీ ఇంట్లో ఎన్ని పడగ్గదులు అని అడగదు. అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. లెవెల్ 5 నుంచి 6కు ప్రమోషన్ వచ్చిన రోజున మనిషికి సామాను రెట్టింపు అవదు, అర్హత మాత్రం అవుతుంది. అర్హత ఉన్నంత మేరా సామాను పెంచుకోవడానికి మన ఇళ్లలో ఆట్టే వ్యవధి పట్టదు.

అక్కడ కొత్తవి కొనాలంటే ఇంకా ఎక్కువవుతుందంటారు కొందరు. నిజమే, కొన్నిటికి అవుతుంది. అందుకే కాగితం మీద మూడు గడులు గీయమంటున్నాను. మోస్తే ఎంత, ఇక్కడ అమ్మితే ఎంత, అక్కడ కొంటే ఎంత. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచి టేకు మంచం ఈ పరీక్షలో నెగ్గుతాయి. పదేళ్ల స్కూటర్ సంగతే చూడండి. పెట్రోలు ఖాళీ చేసి, గోనె చుట్టి, పార్సిల్ ఆఫీసులో ఆర్సీ నకలు ఇచ్చి రైలెక్కించడం తేలికే. ముందుంది ముసళ్ల పండగ. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దానికి ఓడీ-07 ఇచ్చిన గంజాం ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి. అక్కడ పన్ను కట్టాలి, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన వంతు వెనక్కి రాబట్టుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. హైదరాబాదువాళ్లు అన్నట్టు చారాణా కోడికి బారాణా మసాలా. బదిలీలుండే ఉద్యోగాలవాళ్లకు 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ సిరీస్ నంబరు వచ్చింది, కొత్త బండి కొనేవారు అది తీసుకుంటే ఈ గొడవ తప్పుతుంది. పాత స్కూటర్‌ను మాత్రం మొదటి గడి చూడగానే అమ్మేయాలి. "నాన్న కొనిచ్చింది" అనే నాలుగో గడి గీయకపోతేనే సుమండీ.

ఆ నాలుగో గడే అసలు అభ్యంతరం. దానికి నా దగ్గర జవాబు లేదు. అసలు ఏ గడీ గీసుకునే వీలే లేకుండా ఊరు మారినవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడి గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కు స్టీమర్లు వెళ్లేవి. ఈ తీరం తెలుగువాళ్లు, ఒడియావాళ్లు పొట్ట చేతబట్టుకుని ఎక్కారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక వేలాదిమంది అడవుల్లో, కొండల్లో నడిచి వెనక్కి వచ్చారు, రానివాళ్లూ ఉన్నారు. ఇవాళ గంజాం కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు వెళ్తున్నారు. జనరల్ బోగీలో ఉచితంగా ఇచ్చే 35 కిలోలు కూడా వాళ్లలో చాలామంది నింపరు. 2020లో లాక్‌డౌన్‌కు అంతే సంచితో తిరిగొచ్చారు. నేను చెప్పే మూడు గడుల కాగితం వాళ్లకు అక్కర్లేదు. ఏది వదలాలో తేల్చుకోమని చెప్పడానికి ముందు వదలడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే ఇంతసేపూ కాస్త గొంతు పెంచి మాట్లాడానేమో.

ఉన్నవాళ్ల సంగతికొస్తాను. లారీవాడు చెప్పిన రేటు రేటు కాదు, ఆరంభం. పాతిక వేలు అంటే దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 4,500. ఇన్సూరెన్స్ అని ఇంకొంత. "దించడం గ్రౌండ్ ఫ్లోర్ వరకే" అని కొటేషన్ అడుగున చీమల అక్షరాల్లో ఉంటుంది. సందులోకి పెద్ద బండి రాకపోతే చిన్న బండి ఖర్చు మీదే. ఫోనెత్తినవాడొకడు, ఎక్కించేవాడొకడు, అవతల దించేవాడు ఇంకొకడు, కాబట్టి దెబ్బలాడదామంటే ఎవరితో అన్నది కూడా తేలదు. అందుకే వస్తువుల జాబితా, వాటి విలువ బుకింగ్ కాగితంలో రాయించుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నియమాల ప్రకారం సామాను పోయినా పగిలినా రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల లోపే, అదీ మీరు ప్రకటించిన విలువను మించదు. ప్రీమియం మిగుల్చుకుందామని రెండు లక్షల సామానును ఇరవై వేలని రాసేవాళ్లు తర్వాత ఏడ్చినా ఆ ఇరవై వేలకే ఏడవాలి. దావా వేయాలనుకుంటే బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అంత గడువు ఎందుకా అని మొదట ఆశ్చర్యమేసింది. ఆ చట్టం రాసినవాళ్లు ఎప్పుడో ఇల్లు మారే ఉంటారు. చివరి పెట్టె విప్పేసరికి ఎవరింట్లోనైనా ఆరు నెలలు పడుతుంది.