వసూలుకి కొండంత, పరిహారానికి గోరంత

హోసూరులో సెంటు భూమి ధర ఎంత? అడిగేది ఎవరో ముందు తెలియాలి. బ్రోకరుకి ఒక రేటు, బ్యాంకుకి ఒక రేటు, రిజిస్ట్రారు ఆఫీసుకి ఒక రేటు. సర్కారు మన పొలం తీసుకునేటప్పుడు బయటికొచ్చేదీ ఈ చివరిదే. అన్నిటికన్నా బక్కచిక్కింది అదే!

ఈ గారడీ పేరు గైడ్‌లైన్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్ కోసం సర్కారు కట్టిన ధర. తమిళనాడు దాన్ని 2012లో పెంచింది. 2017 జూన్‌లో 33 శాతం తగ్గించింది. ఎంత దయ! అప్పుడే రిజిస్ట్రేషన్ ఫీజును 1 శాతం నుంచి 4 శాతానికి లేపింది. లెక్క వేద్దామా? వంద రూపాయల భూమికి స్టాంపు డ్యూటీతో కలిపి అంతకుముందు కట్టింది 8 రూపాయలు. తగ్గింపు తర్వాత 67 రూపాయల మీద 11 శాతం, అంటే 7 రూపాయల 37 పైసలు. మూడో వంతు తగ్గించామని డప్పు కొట్టి మన చేతిలో పెట్టింది 63 పైసలు.

2023లో ఫీజు సగానికి సగం కోశారు. చప్పట్లు కొట్టేలోపే రేట్లు మళ్లీ 2012 మెట్టెక్కాయి. దాంతో వందకి కట్టాల్సి వచ్చింది 9 రూపాయలు. ఎవరినైనా అడిగారా? ఒక్క సర్క్యులర్ చాలనుకున్నారు. పద్ధతి పాటించలేదని మద్రాస్ హైకోర్టు కొట్టేశాక గానీ కమిటీలు గుర్తుకు రాలేదు. 2024 జూలై 1 నుంచి ఇంకో కొత్త ధరల పట్టీ.

ఆ ధరకన్నా తక్కువ రాసి పత్రం తీసుకెళ్లండి చూద్దాం. స్టాంపు చట్టం 47ఎ సెక్షన్ కింద పక్కన పడేస్తారు. అదే గైడ్‌లైన్ తుది మాట కాదని, ప్రాథమిక అంచనా మాత్రమేనని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ కేసులో? జయలలిత నిర్దోషిగా బయటపడ్డ, ప్రభుత్వ సంస్థ టాన్సీ భూముల కేసులో. హోసూరు పక్కన సూళగిరి రైతు ఆ తీర్పు పట్టుకుని కౌంటరు ముందు నిలబడితే? టీ తాగి రమ్మంటారు.

అసలు దెబ్బ పరిహారం దగ్గర. 2013 భూసేకరణ చట్టం ప్రకారం స్టాంపు చట్టం ధర, చుట్టుపక్కల అమ్మకపు పత్రాల సగటు, రెంటిలో ఏది ఎక్కువైతే పరిహారం లెక్క దాని మీదే. వినడానికి బాగుంది. కానీ ఆ పత్రాల్లో చాలామంది రాయించేది ఈ గైడ్‌లైన్ రేటే కదా! మిగతాది నల్లసంచీలో చేతులు మారుతుంది. సంచీకి సగటు ఎవరు కడతారు? 2017 తగ్గింపు ఇల్లు కొన్నవాడికి 63 పైసలిచ్చింది, పొలం పోయేవాడి పట్టీ ధరలో 33 రూపాయలు కోసింది. హోసూరు కదా, తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ తిట్టుకోవచ్చు. వినే నాథుడే లేడు.

హోసూరులో 2,000 ఎకరాల్లో విమానాశ్రయం అని 2024 జూన్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. భూసేకరణ నోటీసు గుమ్మం తొక్కకముందే మీ సర్వే నంబరుకు ఏ రేటు రాశారో చూసుకోండి. తక్కువుంటే అభ్యంతరం కాగితం మీద ఇవ్వండి. రసీదు అడగండి, ఇవ్వకపోతే కదలకండి.